పదిహేడో నంబరు ఇంటి మట్టిగోడ

పోయిన వారం మనం గంగాధరప్పను ధర్మవరం రైల్వేస్టేషను ముందరి పోస్టు డబ్బా దగ్గర వదిలిపెట్టి వచ్చాం. అతని చేతిలో ఒక కవరు, కవరులో ఒక అర్జీ. రైలుకట్ట వెనక గుడిసెల్లో కాపురముండే నలభై నేతగాళ్ళ కుటుంబాలకు కొత్త కాలనీలో ఇళ్ళు కట్టిన ఫకీర్ సాబ్ మేస్త్రీ సున్నం మింగేశాడనీ, గదుల పొడవు తగ్గించి రాళ్ళు మిగుల్చుకున్నాడనీ, విచారించి తగిన చర్య తీసుకోవలసిందనీ పెనుకొండ ఆఫీసుకు రాసిన అర్జీ అది. చెప్పింది పేట పెద్ద హనుమంతప్ప. వేలిముద్రలు వేసింది ముప్ఫైతొమ్మిది మంది. రాసింది గంగాధరప్ప, ఎందుకంటే ఆ గుడిసెల్లో మూడో ఫారం దాకా చదివినవాడు అతనొక్కడే. గదులు పొట్టివైపోవడానికి మేస్త్రీ కారణం కాదని తెలిసినవాడు కూడా అక్కడ అతనొక్కడే.

కవరు డబ్బాలో వేశాడా లేదా అని మీలో చాలామంది అడిగారు. వేశాడు. వేసి, డబ్బా నోట్లో వేళ్ళు పెట్టి అది పూర్తిగా పడిందో లేదో కూడా చూసుకున్నాడు. తర్వాత ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. మనిషి అట్లాంటివాడు మరి. సిగ్గుపడాల్సిన చోట ఆకలి వేస్తుంది, అన్నం అరిగాక సిగ్గు వస్తుంది.

ఆ సిగ్గు ఎనిమిదో రోజున వచ్చింది. ఆ రోజు అమావాస్య.

నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం గుంటలో కాలు పెట్టరు. నెలంతా కాళ్ళు గుంటలో, కళ్ళు పడుగు మీద పెట్టి నేసేవాళ్ళకు ఆ ఒక్కరోజే సెలవు. ఆ సెలవు కూడా కాలనీకే ఇచ్చేశారు. సగం ఖర్చు సర్కారుది, సగం కష్టం మీది అని ఆఫీసరు చెప్పిన నాటినుంచి ప్రతి అమావాస్యకూ ఆడా మగా గుట్ట దగ్గరనుంచి రాళ్ళు మోశారు, నీళ్ళు పోశారు, పునాదులు తవ్వారు. అట్లా ఇరవైమూడు అమావాస్యలు. మొగుడు పోయాక తానే మగ్గం నేసుకొని బతికే రుక్మిణమ్మ ఒక్కటంటే ఒక్క అమావాస్య మానింది, అదీ కూతురు పురుడు పోసుకున్న రోజు గనక.

తీరా ఇళ్ళు లేచి, తలుపులు బిగించి, లోపలికి పోయి చూసుకుంటే మగ్గానికి చోటు లేదు. తొమ్మిదడుగులకొక గది, రెండు గదుల మధ్య మేస్త్రీ ఆఖరున లేపిన అడ్డగోడ, కింద నాపబండలు. గుంట మగ్గానికి పన్నెండడుగుల పొడవైనా కావాలి, తవ్వడానికి నేల కావాలి. గుడిసెలేమో ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలని రైలువాళ్ళు చెప్పి పోయారు. మగ్గం పెట్టుకోవడానికి చోటులేని ఇంట్లోకి పోయి నేతగాడు ఏం చేస్తాడు? హనుమంతప్పకు కడుపు మండి ఆ అడ్డగోడను గడ్డపార మొనతో పొడిచాడు. సున్నం రాలాల్సిన చోట ఎర్రమట్టి రాలింది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు. ఆ మట్టిని చూసి అందరికంటే ఎక్కువ ఊరట పొందినవాడు గంగాధరప్ప. మేస్త్రీ ఎట్లాగూ సున్నం దొంగే అయినప్పుడు, గదుల పొడవు తప్పు కూడా అతని నెత్తినే పడితే కొత్తగా పోయేదేముంది అని తనకు తాను చెప్పుకున్నాడు. అర్జీ రాయడానికి అతనికి ధైర్యం ఇచ్చింది ఆ పిడికెడు మట్టే.

పెనుకొండ ఆఫీసరు అమావాస్య నాడు మధ్యాహ్నం స్వయంగా వచ్చి గోడలు చూస్తానని కార్డు రాశాడు. కార్డు చదివి వినిపించింది కూడా గంగాధరప్పే.

పొద్దున్నే లేచి ఫకీర్ సాబ్ ఇంటికి పోయాడు. ఎందుకు పోతున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. క్షమించమని అడగడానికి అని దారిలో అనుకున్నాడు. కానీ నిజం చెప్పాలంటే, ఆఫీసరు ముందు మేస్త్రీ ఏం చెప్పబోతున్నాడో ముందుగా తెలుసుకోవడానికి.

మేస్త్రీ ఇంట్లో లేడు. భార్య హసీనాబీ వాకిట్లో చింతకాయలు దంచుతూ ఉంది. ఆమె అతన్ని చూసి తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అవి తాగడం గంగాధరప్పకు చాలా కష్టమైంది. తాగాక ఆమె చెప్పింది: హిందూపురంలో బెల్లం మండీకి గోడలు లేపే పని మేస్త్రీకి కుదిరిందట, వచ్చే శుక్రవారం పోవాల్సింది. నిన్న ఆ మండీ సావుకారు మనిషిని పంపాడట, సున్నం తినే మేస్త్రీ మాకొద్దు అని. ఆ మాట ధర్మవరం నుంచి హిందూపురానికి ఎనిమిది రోజుల్లో పోయింది.

"ముప్పై ఏండ్ల పనప్పా," అంది హసీనాబీ. "ఈ మనిషి మీకు ఏం చెప్పలేదా? నాకూ చెప్పడంల్యా. అడిగితే, చెప్పాల్సినోడు చెప్తాడులే అంటాడు."

చెప్పాల్సినోడు చెంబు కింద పెట్టి లేచాడు.

*

ఫకీర్ సాబ్ కాలనీలోనే ఉన్నాడు. అదీ పదిహేడో నంబరు ఇంట్లో, అంటే గంగాధరప్పకు రాబోయే ఇంట్లోనే. దొంగ అని పేరు పెట్టిన జనం ఇళ్ళకే గడప రాళ్ళు సరిచేస్తూ కూర్చున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ మీద వంగి తాపీతో గీకుతున్నాడు. గంగాధరప్ప వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి అడుగు పడలేదు.

"రాప్పా గంగాధరా. నీ ఇల్లే గదా," అన్నాడు మేస్త్రీ తల ఎత్తకుండానే.

గంగాధరప్ప లోపలికి వచ్చి ఏదేదో అన్నాడు. పేటోళ్ళు బలవంతం చేశారన్నాడు, రాయనంటే తనను వెలివేసేవాళ్ళన్నాడు, అర్జీలో పదాలు హనుమంతప్పవే కానీ తనవి కావన్నాడు. ఒక్కొక్క మాటా నోట్లోంచి వస్తుంటే అది ఎంత పనికిమాలిందో అతనికే వినబడుతోంది. ఫకీర్ సాబ్ అంతా విని, గోడకు ఆనించిన గడ్డపార తీసి అతని చేతికిచ్చాడు.

"ఆ మూల నాలుగు బండలుండాయి చూడు. ఒకటి లేపు."

గడ్డపార అక్కరలేకపోయింది. సందుల మీద పైపైన సున్నం రాసి ఉంది గానీ, బండ వేళ్ళతోనే లేచింది. దాని కింద కంకర లేదు, రాళ్ళు లేవు. మెత్తటి మన్ను ఉంది, జల్లెడ పట్టినట్టుంది. గంగాధరప్ప చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది.

అతను నేతగాడు. ఆ మన్ను ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, సరిగ్గా గుంట తవ్వే చోట, వెలుతురు కిటికీలోంచి ఎడమ భుజం మీద పడే చోట.

"అన్ని ఇండ్లల్లోనూ ఇట్లనేనా ఫకీరన్నా?"

"నలభైలోనూ. ఇంగ ఆ గోడ." మేస్త్రీ తాపీతో అడ్డగోడను చూపించాడు. "అది మట్టితోనే కట్టినా. ఇద్దరు మనుషులు గట్టిగా తోస్తే పడిపోతాది. పైకప్పు బరువు దాని మీద పెట్టలా. అది తీసేస్తే పద్దెనిమిది అడుగులు. మగ్గమూ పడ్తాది, పక్కన రాట్నమూ పడ్తాది."

"మరి ఆ సున్నం?"

"వెనక గోడకు వేసినా. వాన కొట్టే దిక్కు అదే గదా. పో, గోటితో గీకి చూడు."

గంగాధరప్ప పోలేదు. కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఏ పిడికెడు మట్టిని ఆసరా చేసుకొని ఆ మనిషిని దొంగను చేశాడో, ఆ మట్టి తన మగ్గం కోసం పెట్టిందే. ఇంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగాక పడలేదు. ముఖం దాచుకుందామంటే ఆ గదిలో దాచుకునే చోటు కూడా లేదు.

"నాకు ముందే చెప్పుంటే అన్నా," అన్నాడు చివరికి.

"ఏం చెప్పేది? బత్తలపల్లి బంగళాలో నువ్వు చెప్పిన మాట నేను ఇన్న్యా. వరండాలోనే ఉంటి గదా. అందరికీ తెలిసేట్టు నువ్వే చెప్తావని చూసినా. ఈ అమావాస్యకు చెప్తాడు, వచ్చే అమావాస్యకు చెప్తాడు, అని. ఇరవైమూడు పోయినాయి."

*

బత్తలపల్లి సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. గంగాధరప్ప ఇన్ని వారాలుగా మనకు కూడా చెప్పకుండా దాచిన సంగతి అది.

రెండేళ్ళ కిందట కార్తీకంలో తుపాను పట్టింది. గుడిసెల పరిస్థితి చూసి కొత్త ఇళ్ళ ప్లాను తేల్చడానికి ఈ ఆఫీసరే వచ్చాడు. వచ్చి మొదట దూరింది గంగాధరప్ప గుడిసెలోనే. గుంటలో నీళ్ళు ఊరి ఉన్నాయి. మగ్గం మీద ఉన్న చీర తడవకుండా ఇంట్లో ఉన్న ఒక్క చాపా దాని మీద కప్పి, భార్య సుబ్బలక్ష్మమ్మ జ్వరంతో వట్టి నేల మీద, గుంట ఒడ్డున పడుకొని ఉంది. సంకటి కుండ మగ్గం పలక మీదే పెట్టి ఉంది. ఆఫీసరు మంచివాడు. మగ్గం చూసి బూట్లు బయట విడిచి వచ్చాడు. వెక్కిరించే మనిషి కాదు, తెలుసుకుందామనే అడిగాడు: వండుకునేదీ ఇక్కడే, పడుకునేదీ ఇక్కడే, నేసేదీ ఇక్కడేనా అని.

గంగాధరప్ప పుట్టింది ఆ గుంట పక్కనే. అది తప్పని ఆ క్షణం దాకా అతనికి తోచలేదు. ఆఫీసరు కళ్ళతో తన ఇంటిని చూసుకున్నాడు, చెవులు కాలిపోయాయి. ఇంతకాలం తెలివిలేక ఇట్లా బతికాం సార్ అన్నాడు. కొత్త ఇళ్ళల్లో మగ్గం వద్దన్నాడు, మనుషులుండే చోట మనుషులే ఉండాలన్నాడు, మగ్గాలన్నిటికీ ఊరవతల ఒక షెడ్డు వేస్తే చాలన్నాడు. తన నోట అంత చక్కటి మాటలు వస్తాయని అతనికే తెలియదు. ఆఫీసరు సంతోషించాడు. అయినా తెలివైనవాడు గనక, ఇది మీ ఒక్కరి మాటా, అందరి మాటా, ఆడవాళ్ళను కూడా అడిగి రేపు బత్తలపల్లి బంగళాకు వచ్చి చెప్పండి అన్నాడు.

గంగాధరప్ప ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. మగ్గం షెడ్డులో పెడితే పొయ్యి మీద కుండ ఎవరు చూస్తారు, చంటిబిడ్డను ఎవరు చూస్తారు, కండెలు ఎవరు చుట్టిస్తారు అని ఆడవాళ్ళంతా మీద పడతారు. రుక్మిణమ్మ అయితే నవ్వి పోతుంది. మరుసటి రోజు ఆ ఇళ్ళు కట్టబోయే మేస్త్రీని వెంటబెట్టుకొని బంగళాకు పోయి, అందర్నీ అడిగాను, అందరూ సరేనన్నారు అని చెప్పేశాడు. ఆఫీసరు అతనికి కుర్చీ వేయించాడు. ఆఫీసరు ఎదుట కుర్చీలో కూర్చోవడం అతని వంశంలో అదే మొదలు. అతను కూర్చొని చూస్తుండగానే, ప్లాను కాగితంలో మగ్గానికని గీసిన పొడుగాటి గది మీద ఆఫీసరు ఎర్ర పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీశాడు.

షెడ్డు రెండో విడతలో వస్తుందన్నారు. రెండో విడత ఈనాటికీ రాలేదు. గీత మాత్రం గోడై కూర్చుంది. ఒక్క కుర్చీ కోసం నలభై ఇళ్ళు నరికినవాడినని గంగాధరప్ప ఇప్పుడు అనుకున్నాడు, అనుకోవడంలో తప్పేమీ లేదు.

"ఈ పొద్దు పేటోళ్ళకు చెప్పేస్తా," అన్నాడు లేస్తూ.

"చెప్పు. అది నీ పని. కానీ మట్టి సంగతి ఆఫీసరుకు చెప్పొద్దు," అన్నాడు ఫకీర్ సాబ్. "దొంగనంటే ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరుండాది. ప్లానుకు ఎదురు కట్టినానంటే సర్కారు కాగితం మీద పేరు పడ్తాది. ఇంగ యాడా తాపీ పట్టనీరు."

*

పన్నెండు గంటలకు కాలనీ మధ్యన వేపచెట్ల కింద అందరూ చేరారు. హనుమంతప్ప తువ్వాలు నడుముకు చుట్టి, ఆఫీసరు రాగానే ముందు ఏ ఇల్లు చూపించాలో చెబుతున్నాడు. ఆడవాళ్ళు ఒక పక్కన కూర్చున్నారు. ఫకీర్ సాబ్ దూరంగా ఇసుక కుప్ప మీద, ఎవరూ పిలవకపోయినా వచ్చి కూర్చున్నాడు.

గంగాధరప్ప లేచి నిలబడ్డాడు. ఎన్నో మీటింగుల్లో లేచి మాట్లాడిన మనిషి, ఈసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదట భార్య వైపు చూశాడు. తర్వాత చూడలేదు.

చెప్పాడు. తుపాను రోజు దగ్గరనుంచి ఎర్ర గీత దాకా ఒక్కటీ మిగల్చకుండా చెప్పాడు. గదులు పొట్టి చేసింది మేస్త్రీ కాదు, నేను అన్నాడు. గోడలో మట్టి ఎందుకుందో, బండల కింద ఏముందో కూడా చెప్పాడు. ఆ మాట బయటికి పోతే మేస్త్రీకి ఏమవుతుందో చెప్పాడు. ఇద్దరు మగవాళ్ళు లేచి పక్కింట్లోకి పోయి, బండ లేపి చూసి వచ్చి కూర్చున్నారు. హనుమంతప్ప నడుముకు చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇసుక కుప్ప వైపు చూడడానికి అక్కడ ఎవరికీ మొహం చెల్లలేదు. దొంగ అని అరిచిన నోళ్ళు నలభై ఇళ్ళవీ.

తిడతారని గంగాధరప్ప ఎదురుచూశాడు. కొడతారేమోనని కూడా అనుకున్నాడు. కొట్టినా బాగుండేది. రుక్మిణమ్మ మాత్రం కూర్చున్నచోటునుంచే, మామూలు గొంతుతో అడిగింది.

"మమ్మల్ని అడిగినానని చెప్పినావా ఆ సార్‌కు?"

"చెప్పినా అక్కా."

"నన్ను గూడానా?"

"నీ పేరు పెట్టి చెప్పినా."

"నేనేమన్న్యానని చెప్పినావు?"

ఈ ఒక్కటీ మిగిలిపోయింది. ఇది చెప్పాల్సి వస్తుందని అతను అనుకోలేదు.

"చెప్పప్పా. నా మాట నాకు తెలియొద్దా?"

"ఇంట్లో మగ్గం ఉంటే... నలుగురిలో నామోషీగా ఉండాది అని రుక్మిణమ్మ గూడా అనింది సార్, అని చెప్పినా."

రుక్మిణమ్మ తన అరచేతులు చూసుకుంది. పట్టుపోగు కోసీ కోసీ ఆ వేళ్ళ సందుల్లో గీతలు పడిపోయి ఉన్నాయి.

"మా ఇంటాయన పోయినాంక ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని ఇద్దర్ని పెంచితిని," అంది. "నామోషీ అని ఒక్క పొద్దు గూడా అనుకోల్యా. నువ్వు అనుకుంటివి, నా నోట్లో పెడితివి."

గంగాధరప్ప తల వాలిపోయింది. చేసిన తప్పు ఇన్నాళ్ళూ అతనికి ఇళ్ళ తప్పుగానే కనిపించింది. ఒక మనిషి బతుకును ఆమెకు తెలియకుండా ఆమె చేతనే ఛీ అనిపించానని ఇప్పుడే తెలిసింది. మళ్ళీ తల ఎత్తేసరికి సుబ్బలక్ష్మమ్మ అక్కడ లేదు. మొగుడి పక్కన నిలబడలేక గుడిసెకు పోయి ఉంటుందనుకున్నాడు. పోవాల్సిందే అనుకున్నాడు.

అప్పుడు రోడ్డు మలుపులో జీపు కనిపించింది.

ఆఫీసరు దిగాడు. రెండేళ్ళలో కాస్త జుట్టు నెరిసింది, అదే మనిషి. చేతిలో అర్జీ ఉంది. హనుమంతప్ప నమస్కారం పెట్టి వెనక్కి తగ్గాడు. ఆఫీసరు కాగితం విప్పి, ఇది రాసిందెవరు అని అడిగాడు.

"నేనే సార్. ఇందులో రాసింది తప్పు," అన్నాడు గంగాధరప్ప.

"ఎనిమిది రోజుల కిందట రాసేటప్పుడు?"

"అప్పుడూ తప్పే సార్. బత్తలపల్లిలో చెప్పిందీ తప్పే. నేను ఎవర్నీ అడగలా."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ గీత గీసింది ఆయన చెయ్యి. అడిగి రమ్మన్నాడే గానీ, తాను వచ్చి ఒక్క ఆడమనిషినీ అడగలేదు. ఆ సంగతి ఆయనకు తట్టిందో లేదో గానీ ముఖంలో రంగు మాత్రం మారింది.

ఇంతలో ధన్ అని చప్పుడైంది. మళ్ళీ ధన్. పదిహేడో నంబరు ఇంట్లోంచి ఎర్రటి దుమ్ము వాకిట్లోకి వచ్చింది.

అందరూ అటు నడిచారు. గంగాధరప్ప అందరికంటే ముందు గడప దగ్గరికి చేరి అక్కడే ఆగిపోయాడు. లోపల సుబ్బలక్ష్మమ్మ చీర చెంగు నడుముకు దోపి గడ్డపార ఎత్తుతోంది. వెంట హసీనాబీ ఉంది, ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. అడ్డగోడ నడుము ఎత్తుకు దిగిపోయింది. అవతలి కిటికీ వెలుతురు ఇవతలి మూల బండల దాకా వచ్చి పడుతోంది. ఇంకా తాళాలు చేతికివ్వని సర్కారు ఇల్లు అది. సుబ్బలక్ష్మమ్మ ఆఫీసరును చూసి గడ్డపార దించింది, కానీ వదల్లేదు. మొగుడి వైపు చూడనే లేదు.

ఆఫీసరు వంగి ఒక మట్టిపెళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. నలిపాడు. వేళ్ళ మధ్యనుంచి ఎర్రటి పొడి జారింది.

"ఇది సున్నం గోడ కాదు. ప్లానులో సున్నం అని రాసి ఉంది. ఎవరు మట్టితో కట్టమన్నారు?"

ఫకీర్ సాబ్ జనం వెనక ఎక్కడో ఉన్నాడు. ఎవరూ అటు తిరగలేదు, తిరిగితే అదే జవాబు అవుతుందని అందరికీ తెలుసు. ఆఫీసరు అలవాటు కొద్దీ గంగాధరప్ప వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మీరు చదువుకున్నవారు. వీళ్ళందరి తరఫునా మీరే చెప్పండి."

గంగాధరప్ప నాలుక మీదికి ఒక మంచి మాట అప్పటికే వచ్చేసింది. నమ్మదగ్గ మాట, మేస్త్రీని కాపాడే మాట. అతనికి అట్లాంటివి ఎప్పుడూ సులభంగానే వస్తాయి. దాన్ని మింగాడు.

"నేను చెప్పను సార్. ఈళ్ళ తరఫున ఒకసారి చెప్పి చూసినా. ఈళ్ళనే అడగండి," అని గడప వదిలి పక్కకు జరిగాడు.

జనం విడిపోయారు. రుక్మిణమ్మ ముందుకు వచ్చింది. ఆమె సర్కారు మనిషితో మాట్లాడడం ఆ పేటలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఫకీర్ సాబ్ చేతిపనీ, నలభై ఇళ్ళ మగ్గాలూ ఇప్పుడు ఆమె నోటి మీద ఉన్నాయి. ఆమె ఆఫీసరు వైపు చూడలేదు. గంగాధరప్ప ఎదురుగా నిలబడి, ఆ మామూలు గొంతుతోనే అడిగింది.

"ఏమప్పా, ఈ పొద్దు గూడా నేనేమన్న్యానో సార్‌కు ముందే చెప్పేసినావా? లేకపోతే నన్నే చెప్పుకోమంటావా?"

"నువ్వే చెప్పుకో అక్కా," అన్నాడు గంగాధరప్ప, నేల చూస్తూ.

రుక్మిణమ్మ సుబ్బలక్ష్మమ్మ చేతిలోని గడ్డపార తీసుకొని, ఆ మూలనున్న బండ కిందికి మొన పెట్టి, ఆఫీసరు వైపు తిరిగింది.

"సార్, బూట్లు ఇడిచి లోపలికి రాండి. ఇది మగ్గం చోటు. ఆ మట్టి ఎవురిదో చెప్తా," అంది.